కుర్చీలో చెప్పిన మాట

కిందటి వారం టీచరమ్మని కమిటీ హాల్లో చివరి బెంచీ మీద వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. ఒక మనిషిని వారం పాటు నోరు తెరిచింది తెరిచినట్టే కూర్చోబెట్టడం నాకూ బాగోలేదు. కానీ సంపాదకుడు ఇచ్చిన పేజీలు అంతవరకే, ఏం చెయ్యను. మధ్యలో చేరినవాళ్ళ కోసం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం. గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

గాజు ఫ్యాక్టరీ మూతపడింది. దాని యజమాని పెద్దాయన కార్మికుల క్వార్టర్స్ పడగొట్టించి ఆ స్థలం ఇంకో పనికి వాడుకోవాలనుకుంటున్నాడు. ఉన్న స్థలాలన్నీ తిరిగి చూసుకోవాలంటే ఆయనకి ఒక జన్మ చాలదు, అయినా ఇదీ కావాలి. క్వార్టర్స్ వాళ్ళేమో ఈ ఇళ్ళు మా పేర రాసిస్తామని ఒకప్పుడు మాటిచ్చారు, మేం కదలం అంటున్నారు. తగవు తేల్చడానికి కమిటీ కూర్చుంది. క్వార్టర్స్ తరఫున టీచరమ్మ అన్నయ్య మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, కమిటీ పెద్ద తల కూడా ఊపాడు. అప్పుడు పెద్దాయన ప్లీడరు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, మెత్తగా ఒక మాట అడిగాడు.

"మాటిచ్చిన సంగతి తర్వాత చూద్దామండీ. వద్దన్నదెవరు? అప్పట్లో మీ అందరికీ నాయకుడు కాలం చేసిన మీ నాన్నగారే కదా. ఒకరోజు కొలిమి దగ్గర్నుంచి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూ, 'మాకు ఇళ్ళొద్దు, పని చాలు' అన్నారా లేదా?"

అన్నయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు. తల వంచుకుని "అన్నాడు" అన్నాడు. దాంతో హాలు చప్పబడిపోయింది. ఇంకా ఎవరికైనా చెప్పుకోవాల్సింది ఉంటే రేపు మధ్యాహ్నం రండి, ఆ తర్వాత తీర్పే అని చెప్పి కమిటీ లేచిపోయింది.

ఆ మాట, చేతులు కడుక్కోవడంతో సహా, వాళ్ళ ఇంటి గోడలు దాటి ఒకే ఒక్కచోటికి వెళ్ళింది. పెద్దాయన పొద్దున పూట ఫలహారం చేసే బల్ల దగ్గరికి. మోసుకెళ్ళింది టీచరమ్మే.

మెట్లు దిగుతూ అన్నయ్య ఆమె పక్కన ఒక్క క్షణం ఆగాడు. "బాగా చెప్పిపెట్టారు టీచరుగారూ" అన్నాడు. పుట్టినప్పట్నుంచీ ఆమె అతనికి చిట్టి. కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలెట్టాక ఊరంతా టీచరమ్మ అన్నా అతను మాత్రం చిట్టీ అనే పిలిచాడు, నలుగురి ముందూ, ఆమె సిగ్గుపడేలా. అలాంటివాడు గారు తగిలించి పిలిచాడు. చెంప మీద కొట్టినా ఆమె అంత బాధపడేది కాదు.

*

ఇప్పుడు ఈ ఫలహారం బల్ల సంగతి చెప్పాలి. టీచరమ్మ కాలేజీలో పిల్లలకి వాదించడం నేర్పుతుంది. ఆమె పద్ధతి ఒకటుంది. బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఎవరి పక్షం వాళ్ళు వాదిస్తారు. సగంలో ఆమె చప్పట్లు కొడుతుంది. ఇద్దరూ లేచి కుర్చీలు మార్చుకోవాలి. అప్పటిదాకా దేన్ని తిట్టారో దాని పక్షాన వాదించాలి, అదీ మనస్ఫూర్తిగా. మొక్కుబడిగా వాదిస్తే ఓడిపోయినట్టే లెక్క. ఇంకో నియమం కూడా ఉంది. కుర్చీలో చెప్పింది గుమ్మం దాటకూడదు. ఆ భరోసా లేకపోతే ఎవరూ ఎదుటివాడి తరఫున నిండుగా మాట్లాడరని ఆమె నమ్మకం.

కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన ఈ ఆట చూసి ముచ్చటపడ్డాడు. "నా చుట్టూ తలూపేవాళ్ళే ఉన్నారు టీచరమ్మా. వారానికొకసారి వచ్చి నన్ను కాదనండి" అన్నాడు. జీతం ఇస్తానన్నాడు. క్వార్టర్స్‌లో పుట్టిన పిల్ల, ఒక్కడి దగ్గర అంత సంపద పోగుపడటం అన్యాయమని ఒళ్ళంతా నమ్మిన మనిషి, ఎందుకు ఒప్పుకుంది? ఆయన్ని మార్చొచ్చనుకుంది. అలా అనుకోవడం తప్పు కాదు. మనలో ఎవరం అనుకోలేదు గనక!

అప్పట్నుంచి ప్రతి గురువారం పొద్దున ఆమె వెళ్ళేది. ఒకడికి అంత ఎందుకు అని ఆమె, ఉంటే తప్పేంటి అని ఆయన. వంటాయన కాఫీ తెస్తే అదే చప్పట్లు. ఇద్దరూ లేచి కుర్చీలు మారేవాళ్ళు. అలా ఒక గురువారం ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన తరఫున మనస్ఫూర్తిగా వాదించబోయి, వాళ్ళ నాన్న కథ చెప్పింది. "బరువు మొయ్యనన్నవాళ్ళకి ఫలం అడిగే హక్కు ఎక్కడిది? ఫ్యాక్టరీ నిలబడుతుందో లేదో తెలియని రోజుల్లో నా తండ్రి ఇల్లు కూడా వద్దన్నాడు. ఆ భయం యజమాని ఒక్కడే మోశాడు. అందుకే సంపదా ఒక్కడిదే" అంది. పెద్దాయన చెంచా కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టాడు. ఆమె ఎంత పొంగిపోయిందో! పాఠం బాగా చెప్పిన రోజు టీచర్లు పొంగిపోతారు కదా, అలాగే.

పప్పులో కాలెయ్యడమంటే ఇదే మరి.

*

కమిటీ లేచిన మర్నాడు గురువారం. ఆమె వెళ్ళింది.

పెద్దాయన ఎప్పట్లాగే కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ముందు కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్డు. గుడ్డు పెంకు ఆయన తనే ఒలుచుకుంటాడు, ఒలిచిన ముక్కలన్నీ పళ్ళెంలో ఒక పక్కకి చేరుస్తాడు. ఆ గదిలో కిటికీ అద్దం ఎంత శుభ్రంగా ఉంటుందంటే అసలు అద్దం ఉందో లేదో తెలియదు. క్వార్టర్స్ కిటికీల్లో ఉండేవి ఫ్యాక్టరీ తీసి పారేసిన అద్దాలు. వాటిల్లో బుడగలుంటాయి. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళు ఆ బుడగల్లోంచి వీధిని చూసి, నడిచేవాళ్ళు సాగిపోతుంటే పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

"రండి టీచరమ్మా. ఇవాళ రారనుకున్నాను."

"గురువారం కదండీ. ఎందుకు రాను?"

"కోపంగా ఉన్నారు."

"కోపం కాదు, అసహ్యం."

"సరే, కూర్చుని అసహ్యించుకోండి" అన్నాడు ఆయన, గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ.

ఆమె కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి దాని వీపు గట్టిగా పట్టుకుంది. "కుర్చీలో చెప్పింది గుమ్మం దాటకూడదన్న నియమం ఎవరు పెట్టారు?"

"మీరు."

"ఒప్పుకున్నదెవరు?"

"నేను."

"మరి మా నాన్న మాట ప్లీడరు నోట్లోకి ఎలా వచ్చింది?"

"నేను చెప్పాను కాబట్టి వచ్చింది."

ఆయన పద్ధతే అంత. తప్పు ఒప్పుకోవడం మంచినీళ్ళు అడిగినంత మామూలుగా చేస్తాడు. ఎదుటివాళ్ళు తిట్టడానికి దాచుకున్న తిట్లన్నీ అక్కడే చల్లారిపోతాయి. టీచరమ్మ దారి పొడుగునా ఆయన బుకాయిస్తాడనీ, అప్పుడు ఇలా నిలదియ్యాలనీ వల్లె వేసుకుని వచ్చింది. ఏదీ పనికిరాలేదు.

"నేను మిమ్మల్ని నమ్మానండీ" అంది. గొంతు తడబడింది. ఆ తడబాటుకి ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. "బయట అందరూ మీ గురించి ఏమన్నా, ఈ బల్ల దగ్గర మాత్రం మీరు నిజాయితీగా ఉంటారనుకున్నాను. మా క్వార్టర్స్ బడికి కొత్త పైకప్పు వేయించే విషయంలో నా వాదన విని మనసు మార్చుకున్నారుగా."

"ఆ పైకప్పు వెయ్యాలని ముందే అనుకున్నాం. ఇంజనీరు కొలతలు కూడా తీసుకెళ్ళాడు. మీరు గెలిచినట్టు సంతోషపడుతుంటే కాదనడం ఎందుకులే అని ఊరుకున్నాను."

"అంటే ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ బాగా వాదించారు. మీరు కాదనేవన్నీ ముందే విని ఉండటం వల్ల నాకు చాలా మేలు జరిగింది. మీ అన్నయ్య నిన్న కమిటీ ముందు చెప్పినవాటిలో నాకు కొత్తది ఒక్కటీ లేదు."

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. అన్నయ్య రాత్రి భోజనాల దగ్గర చెప్పిన మాటలే గురువారం ఇక్కడ వాదించేది. పెద్దాయన చెవిన పడితే ఒక్కటైనా మనసుకి తగులుతుందని. ఒక్క నాన్న కథ కాదు, వీధి మొత్తం వాదన చేతులారా తెచ్చి ఈ బల్ల మీద పరిచిపెట్టింది. పైగా ప్రతివారం, శుభ్రంగా, పాఠంలా. పట్టుకున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

 ఆయన రొట్టె తింటూ ఉన్నాడు.

"నేను ఇన్నాళ్ళూ తప్పు వాదించానండీ" అంది ఆమె చివరికి. "ఒకడి దగ్గర ఎక్కువుంటే పక్కవాడికి తక్కువవుతుందని వాదించాను. అసలు అన్యాయం అది కాదు. మామూలు మనిషి తప్పు చేస్తే ఎవడో ఒకడు కాదంటాడు. పెళ్ళామో, పక్కింటివాడో, పనిలో తోటివాడో. వాడికి అది ఊరికే దొరుకుతుంది. మీరు కాదనేవాళ్ళని కూడా జీతానికి పెట్టుకున్నారు. జీతం మీదైనప్పుడు ఆ కాదనడం కూడా మీ ఆస్తే. ఇంక మీకు మీరు తప్పని ఎలా తెలుస్తుంది? ఎవరికీ అంత డబ్బు ఉండకూడదు అనేది అందుకు."

పెద్దాయన తినడం ఆపాడు. కళ్ళు మెరిశాయి. "ఇది బావుంది. ఇన్ని గురువారాల్లో ఇదే అసలైన మాట."

 తిట్టినా ఆయనకి పనికొచ్చే తిట్టే అవుతోంది.

"మీరు మాత్రం నిజంగా నమ్ముతారా, ఇదంతా మీకే చెందాలని?" అని అడిగింది.

"నమ్మడం ఎప్పుడో మానేశాను" అన్నాడాయన తేలిగ్గా. "నా బదులు నమ్మేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఆయన కష్టపడ్డాడు, ఆయన తెలివైనవాడు, ఆయన చెయ్యి పెడితే కలిసొస్తుంది అని. డబ్బు బాగా ఉంటే నమ్మే పని కూడా ఇంకొకరు చేసి పెడతారు టీచరమ్మా. లేనివాళ్ళే ఎవరి నమ్మకం వాళ్ళు మోసుకోవాలి. మీరు మోస్తున్నారు చూడండి, అలాగ."

"నేనేం మోస్తున్నాను?"

"మీ నాన్న ఇల్లొద్దన్నాడని. మీరు చూశారా?"

"అమ్మ చెప్పింది."

"అమ్మ చెబితే సరా? కాలేజీలో పిల్లలు ఇలాంటి సాక్ష్యం పట్టుకొస్తే ఏమంటారు?"

ఆమె లేచి, తలుపు తీసి, వంటగది వైపు చూస్తూ "కాఫీ తెండి" అని కేకేసింది. ఇంకా కాఫీకి నీళ్ళే పెట్టని వంటాయన కంగారుగా తొంగిచూశాడు. "ఇప్పుడేనా అమ్మా?" అన్నాడు. "తెచ్చినట్టే అనుకుంటాం లెండి" అని తలుపు వేసేసింది.

"కుర్చీలు మారదాం. ఇవాళ మీరు నా తరఫున వాదించండి. మనస్ఫూర్తిగా. నియమం తెలుసుగా."

పెద్దాయన నవ్వాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ వెలుతురు సూటిగా ఆయన మొహం మీద పడింది. ఆ వెలుతుర్లో ఆయన ముసలివాడిలా కనిపించాడు. ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

"మీ తరఫున మీరెప్పుడూ సరిగ్గా వాదించలేదు" అని మొదలుపెట్టాడు. "మీ నాన్న కథ మీకు పనికిరాదనుకుని నా వైపు వాడారు. అసలు అదే మీ ఆయుధం. ఆలోచించండి. వానొస్తే మంచం ఎటు జరపాలా అని వెతుక్కునే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఇల్లిస్తామంటే వద్దంటాడా? వీధి అంతటికీ వద్దని చెబుతాడా? ఏ మనిషైనా అంటాడా అలాగ?"

"మా నాన్న అన్నాడు."

"అన్నాడు. ఎందుకన్నాడో చెప్తాను. అందరికీ ఇళ్ళు రాసిస్తానని నేను మాటిచ్చిన సంగతి నిజం. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఇచ్చాను. తర్వాత అంత స్థలం వదులుకోవడం నాకు మనస్కరించలేదు. ఒక సాయంత్రం మీ నాన్నని పిలిచి కూర్చోబెట్టాను. ఆయన మొదటిసారి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు, అంచు మీద. మీ అమ్మాయి బాగా చదువుతుందట కదా అన్నాను. అంతే అన్నాను టీచరమ్మా. మిగతాది ఆయనే అర్థం చేసుకున్నాడు."

టీచరమ్మ ముందున్న పళ్ళాన్ని పక్కకి జరిపింది.

"మంచి కాలేజీ, హాస్టలు, పుస్తకాలు, చదువు పూర్తయ్యేదాకా. ఫ్యాక్టరీ స్కాలర్షిప్ అని దానికో పేరు పెట్టాం. పరీక్ష కూడా పెట్టాం. మీరే మొదట వచ్చారని చెప్పాం. మొదట రావడానికి రాసిందే మీరొక్కరు, మిగతావాళ్ళు వేరే చోట రాస్తున్నారని మీతో చెప్పించాం. ఆ స్కాలర్షిప్ మీ తర్వాత ఇంకెవరికైనా వచ్చిందా? ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. క్వార్టర్స్‌లో ఇంకెవరికీ రాలేదంటే, తనంత బాగా ఇంకెవరూ చదవలేదనే అనుకుంది ఇన్నేళ్ళూ. ఆ నమ్మకం ఎంత హాయిగా ఉందంటే తిరగేసి చూడాలని కూడా అనిపించలేదు.

"వీధి ఇళ్ళు తీసుకుని మీకు నోరిచ్చాను" అన్నాడు పెద్దాయన, నిజంగానే మనస్ఫూర్తిగా, బల్ల మీదకి వంగి. "ఆ నోరే జీతానికి పెట్టుకుని మళ్ళీ ఆ వీధి మీదే వాడాను. ఒక తండ్రి తన కూతురి కోసం ఏం అమ్ముకుంటాడో తెలుసుకోగలిగినవాడి చేతిలో, ఆ తెలిసినదాన్ని కొనేంత డబ్బు కూడా ఉండకూడదు. రెండూ ఒకడికే ఉంటే వాడు దొంగతనం చెయ్యక్కర్లేదు, అబద్ధం ఆడక్కర్లేదు. అడిగితే చాలు. ఇదీ మీ తరఫు వాదన. దీనికి నా దగ్గర జవాబు లేదు."

ఆయన వెనక్కి వాలాడు. కాస్త ఆయాసపడుతున్నాడు. గెలిచినవాడి మొహం పెట్టాడు, ఏ పక్షాన గెలిచాడో మాత్రం ఆయనకే తెలియాలి.

"ఇది నిజమా?" అంది ఆమె. "నిజంగా జరిగిందా, లేకపోతే కుర్చీలో కూర్చున్నారు కాబట్టి చెప్పారా?"

పెద్దాయన లేచాడు. తన వైపుకి వచ్చి, తన కుర్చీ కోసం చెయ్యి చాపాడు. ఆమె లేవక తప్పలేదు. మళ్ళీ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, రుమాలుతో పెదవులు తుడుచుకున్నాడు.

"కుర్చీలో చెప్పింది గుమ్మం దాటకూడదు కదా టీచరమ్మా."

"మీరు దాటించారు!"

"మీరూ దాటించండి. మధ్యాహ్నం కమిటీ ముందు ఈ మాట చెబితే మీ వీధి గెలుస్తుంది. మాటిచ్చినట్టు తేలుతుంది, మిగతావాళ్ళకి తెలియకుండా ఒక్కడి దగ్గర దాన్ని కొనేసినట్టు తేలుతుంది. నేనెలాగూ కాదంటాను. మీకు మిగిలిన సాక్షి ఒక్కరే. మీ అమ్మగారు." ఆయన గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే భరించలేనట్టు ఉంది. "కానీ మీరు చెప్పరు. క్వార్టర్స్ క్లబ్బులో మీ నాన్న ఫోటో ఉంది. మీ అన్నయ్య మాట నలుగురు వింటున్నారంటే ఆ ఫోటో కింద నిలబడి మాట్లాడతాడు కాబట్టి. అది మీరు మీ చేత్తో దించరు. నాకు ఆ నమ్మకం ఉంది. చూశారా, నేనూ ఒకటి నమ్ముతాను."

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి వంటాయన కాఫీ తెచ్చాడు. రెండు కప్పులు.

*

క్వార్టర్స్ దాకా ఆమె నడిచే వచ్చింది. నడుస్తున్నంతసేపూ ఒకటే రంపపు కోత. ఆయన అబద్ధమే చెప్పి ఉండొచ్చు. నా తరఫున గట్టిగా వాదించమంటే గట్టి కథ అల్లి ఉండొచ్చు. అలా అనుకుంటే ఊపిరి ఆడేది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చేది. పిల్లలకి తనే చెప్పే మాట. జరిగింది చెప్పేవాడు ప్రతిసారీ కాస్త మార్చి చెబుతాడు, బట్టీ పట్టినవాడే పొల్లుపోకుండా చెబుతాడు. అమ్మ ఆ కథ ఎన్నిసార్లు చెప్పింది! ఎప్పుడూ అవే మాటలు. కొలిమి, చేతులు కడుక్కోవడం, ఇళ్ళొద్దు, పని చాలు. ఒక్కసారి కూడా నీళ్ళు పోసిందెవరో చెప్పలేదు, ఆ రోజు వానో ఎండో చెప్పలేదు.

వీధిలో సగం ఇళ్ళ ముందు సామాన్లు బయటపడి ఉన్నాయి. మంచాలు నిలబెట్టి తాళ్ళు కడుతున్నారు. నిన్నటి "అన్నాడు" అన్న ఒక్క మాటకి వీధి నడుం విరిగిపోయింది. ఆమెని చూసి కొళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలాపేశారు. ఒకావిడ బిందె నిండకుండానే ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈవిడే అప్పట్లో స్కాలర్షిప్ వచ్చిందని తెలిసి ఆమెని చెయ్యి పట్టుకుని వీధంతా తిప్పింది.

ఇంట్లో అమ్మ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని అన్నయ్య తెల్లచొక్కాకి గుండీ కుడుతోంది. మధ్యాహ్నం కమిటీకి వేసుకెళ్ళాలి కదా. బుడగల అద్దంలోంచి వచ్చే ఎండ ఆమె చేతుల మీద మచ్చలు మచ్చలుగా పడుతోంది. అన్నయ్య బనీనుతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏం టీచరుగారూ, ఇవాళ్టి పాఠం అయిందా?" అన్నాడు. "ఇంకా ఏమైనా మిగిలిందా మా దగ్గర, పట్టుకెళ్ళి చెప్పడానికి?"

"ఊరుకోరా" అంది అమ్మ.

"ఎందుకమ్మా ఊరుకోవడం? నా నోరు నొక్కింది బయటివాడైతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఈవిడ మన కంచంలో తిని..." అతని మాట ఆగిపోయింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

టీచరమ్మ సమర్థించుకోలేదు. మోసపోయానని చెప్పాలనుకుంది, కానీ తనకంటే ఎక్కువ మోసపోయినవాడు ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వెళ్ళి అమ్మ పక్కన కూలబడింది.

"అమ్మా, నాన్న ఇళ్ళొద్దన్న రోజు సంగతి చెప్పవా."

"ఇప్పుడా? దానివల్లే కదే ఇంతా అయింది."

"ఒక్కసారి."

అమ్మ సూది గుచ్చుతూ మొదలుపెట్టింది. గొంతు కూడా ఎప్పటిదే. "ఏముంది, కొలిమి దగ్గర్నుంచి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూ..."

"నేనెక్కడున్నానమ్మా అప్పుడు?"

బట్టీ పట్టినవాణ్ణి తేల్చుకోవాలంటే పాఠంలో లేని ప్రశ్న ఒకటి వెయ్యాలి. కాలేజీలో ఆమె రోజూ చేసే పని అది. కన్నతల్లి మీద చేస్తానని కలలో కూడా అనుకోలేదు.

"నువ్వా?" అంది అమ్మ, పని మీదే దృష్టి పెట్టి. "నువ్వు లోపలి గదిలో పెట్టె సర్దుకుంటున్నావుగా, హాస్టలుకి. దుప్పటి పట్టడం లేదని గొడవ..."

సూది ఆగిపోయింది.

గోడకి ఆనుకున్న అన్నయ్య మెల్లగా నిటారుగా అయ్యాడు. "పెట్టె సర్దుకోవడం ఏంటమ్మా? ఇళ్ళొద్దని చెప్పేశాక కదా, ఎన్నాళ్ళకో చిట్టికి స్కాలర్షిప్ వచ్చింది. అలాగే చెప్పావుగా మాకు?"

అమ్మ ఇద్దరి మొహాలూ చూడలేదు. గుండీ కింద దారం ముడి వేసి, వంగి పంటితో తెంపింది. తర్వాత ఆ చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఆ కథలో ఎప్పుడూ లేని మాట ఒకటి ఆమె నోట్లోంచి వచ్చింది.

"మీ నాన్న మంచివాడురా."

వీధిలో ఎవరో పరుగెత్తుకొచ్చి, కమిటీవాళ్ళ కారు వచ్చేసింది, బయల్దేరండి అని గుమ్మంలోంచి కేకేసి వెళ్ళిపోయారు. అమ్మ చొక్కా అందించింది. అన్నయ్య అందుకోలేదు. చెల్లెలి ఎదురుగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. నిన్నటి కోపం ఎక్కడికి పోయిందో గానీ, చిన్నప్పుడు చీకట్లో భయపడితే అడిగినట్టే అడిగాడు.

"చిట్టీ, పెద్దాయన నీకేం చెప్పాడు?"